పప్పు ఉడికే నీళ్లు

ఆత్మకూరులో మా వీధికి నీళ్ల క్యాన్లు వేసే ఆటో ఆయన మొదటిసారి వచ్చిన రోజున, క్యాను మా వంటగదిలో దించి, భుజం మీది తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, "మా వాటరుతో కందిపప్పు రెండు విజిల్సుకే ఉడికిపోతాదమ్మా. అనుమానముంటే ఈ పూటే పెట్టి సూడండి" అన్నాడు. పాపం, గిరాకీ కోసం అన్న మాట. అందులో ఆయన తప్పేమీ లేదు. అయినా ఆ మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ల తరబడి బళ్లో పిల్లలకు సైన్సు చెప్పి, గాలిలో ఏముంటుందో నీళ్లలో ఏముంటుందో బోర్డు మీద రాసి రాసి చేతులు సుద్దపొడి చేసుకున్నదాన్ని, ఎనభై దాటినదాన్ని, క్యాన్లు మోసే మనిషి మీద ఎందుకంతగా విసుక్కున్నానో మా కోడలికి అర్థం కాలేదు. ఆయన వెళ్లాక కుక్కరు పెట్టింది. నిజంగానే రెండు విజిల్సు. మూత తీయగానే ఆవిరితో పాటు పసుపు వేసి ఉడికించిన కందిపప్పు వాసన వంటగది దాటి నా మంచం దాకా వచ్చింది. ఆ వాసనలో మా అవ్వ ఉంది, మా తమ్ముడు పెంచలయ్య ఉన్నాడు, పుట్టి బుద్ధెరిగాక నన్ను మొట్టమొదట మోసం చేసిన నీళ్లూ ఉన్నాయి.

మా ఊరు ఉదయగిరి కొండకు తూర్పున, కొండమీది కోటగోడలు పొద్దున ఎర్రగా, సాయంత్రం నల్లగా కనిపించేంత దూరంలో ఉండేది. రాళ్లెక్కువ, వాన తక్కువ. సజ్జ, జొన్న, కంది, ఆముదం, వీటిలో ఏదో ఒకటి చేతికొస్తే ఆ ఏడు గడిచినట్టు. నెలల పేర్లు నోటికి రాకముందే నాకు గాలి వాసనను బట్టి కాలాలు తెలిసేవి. వేపపూత వాసన వేసిందంటే ఉగాది దగ్గరపడినట్టు, ఎండిన పేడ మీద చినుకులు రాలిన వాసన వచ్చిందంటే నాయన అటక మీది నాగలి దించుతున్నట్టు, ఊరంతా ఆముదపు గింజలు ఉడుకుతున్న జిడ్డు వాసన కమ్ముకుందంటే చలి మొదలైనట్టు. గాలి గురించి పెద్దవాళ్లెవరూ అంతకు మించి ఆలోచించేవాళ్లు కాదు, ఏదైనా జబ్బు చేసినప్పుడు దాని మీద నేరం మోపడానికి తప్ప. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే బస్సు ఆ రోజుల్లో బొగ్గుల మీద నడిచేది. వెనకాల నిలువెత్తు ఇనప డబ్బా, దానికింద నిప్పు. మా ఊరి మిట్ట ఎక్కలేక అది ఆగి ఆయాసపడుతుంటే, పిల్లలమంతా చుట్టూ చేరి ఆ వెచ్చటి పొగ గుండెలనిండా పీల్చేవాళ్లం. అది మాకు పట్నం వాసన. ఆ డబ్బాలో పుట్టేది ప్రాణం తీసే వాయువని, దానికి రంగూ వాసనా ఉండవని కాలేజీలో చదువుకున్నప్పుడు, ఒక్క క్షణం నాకు ఆ మిట్టా, పొగలో ఎగిరే మా లంగాలూ కళ్లముందు కదిలాయి.

నీళ్ల సంగతి వేరు. నీళ్ల గురించి మా ఊళ్లో మాట్లాడని మనిషి లేడు. నాకు ఊహ తెలిసేనాటికి మేము తాగేది వాగులో చెలమ నీళ్లు. వేసవి తెల్లవారుజామున అవ్వ వెంట వాగులోకి దిగితే, రాత్రి చల్లదనం ఇంకా విడవని ఇసక అరికాళ్లకు జిల్లుమనేది. అవ్వ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా ఇసక తోడి గుంట చేసేది. మొదట ఊరిన బురదనీళ్లు కొబ్బరిచిప్పతో బయటికి చిమ్మేసి, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఊరేదాకా వక్కాకు నములుతూ కూర్చునేది. రెండోసారి ఊరిన నీళ్లలో ఆకాశం కనపడేది. కొత్త చెలమ నీళ్లు కాస్త కలకగా ఉంటే ఇంటికొచ్చాక కుండ లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసేది. మేము నిద్రలేచి మొహాలు కడుక్కునేసరికి మన్నంతా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటగా నిలబడేవి. వానాకాలంలో వాగు ఎర్రగా పారితే ఆ నాలుగు రోజులూ బండల మధ్య నిలిచే దొన నీళ్ల కోసం కొండవైపు పోయేవాళ్లు. కష్టమే. కానీ ఆ కష్టంలో మాకు ఏ హానీ జరగలేదు.

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నీళ్లు పరీక్ష చేసే మనిషి. ఎక్కడ కొత్త బావిలో నీళ్లు పడినా ఆమె కోసం బండి కట్టుకుని వచ్చేవాళ్లు. అవ్వ తన కందిపప్పు తానే కొంగున ముడేసుకుని, తన చిన్న మట్టికుండ తానే ఒళ్లో పెట్టుకుని బండెక్కేది. ఎదుటివాళ్లు పప్పు పెడతామంటే ఒప్పుకునేది కాదు. "మీ పప్పు ఏనాటిదో నాకేం తెలుసు? పప్పు ముదిరిందయితే నీళ్లను తిట్టాల్సొస్తాది" అనేది. ఎక్కడికి పోయినా అదే కుండ, అవే తుమ్మకట్టెలు, అంతే పప్పు. నేను పిల్లలకు నేర్పిన ప్రయోగ పద్ధతికీ దీనికీ ఏమీ తేడా లేదు. బావి నీళ్లు పోసి, పొయ్యి రాజేసి, ఊరు ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, ఒక పప్పు బద్ద తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది. మెత్తగా నలిగితే "తాగండి" అనేది. పలుకు తగిలితే "గొడ్లకు పెట్టుకోండి" అని కుండ దించేసేది. ఆ ఒక్క మాటతో బావి రాత మారిపోయేది. ఉప్పెక్కువైన బావినీ, పప్పు ఉడకని బావినీ మా వైపు ఒకే పేరుతో ఉప్పుబావి అనేవాళ్లు.

స్వరాజ్యం వచ్చిన తర్వాతి వేసవిలో నాయన మా ఇంటి వెనక దొడ్డిలో బావి తవ్వించాడు. నాకప్పుడు ఆరేళ్లు. మన్ను అయిపోయి బండ తగిలింది, బండకు రంధ్రాలు తొలిచి మందు పెట్టి పేల్చారు. పేల్చే ముందు "జాగ్రత్తా" అని కేకేస్తే మేమంతా ఇంట్లోకి పరుగెత్తి చెవులు మూసుకునేవాళ్లం. ఆ బండ చీలికలోంచి ఒకరోజు నీళ్లు ఎగదన్నాయి, అద్దంలాంటి నీళ్లు. అవ్వ సొంత ఇంటి బావి అని మొగమాటపడలేదు. మా దొడ్లోనే మూడు రాళ్లు పెట్టి, అందరిముందూ పప్పు ఎక్కించింది. ఆ పప్పు నలపడానికి కూడా మిగల్లేదు, కరిగిపోయింది. అవ్వ వేళ్లకంటిన పప్పును నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుని, "ఇట్టాంటి నీళ్లు నా పుటకలో సూడలేదురా నాయనా" అంది. ఆ నెలలోనే మా తమ్ముడు పుట్టాడు. పెనుసిల నరసింహస్వామికి మొక్కుకున్న బిడ్డ కాబట్టి పెంచలయ్య అని పేరు పెట్టారు. వాడి మొదటి స్నానం ఆ బావి నీళ్లతోనే. బావీ వీడూ ఒక ఈడువాళ్లని చెప్పుకుని అవ్వ మురిసిపోయేది.

ఆ పదేళ్లూ మా ఊరికి నీళ్ల పండగే. వీధిలోని ఆడవాళ్లంతా మా దొడ్డి తలుపు దగ్గర బిందెలతో బారులు తీరేవాళ్లు. కుంకుడుకాయ నురగ చేతుల్లో పట్టేది కాదు, బట్టలు తెల్లగా వచ్చేవి, చింతచిగురు పప్పు చేస్తే ఆ వాసనకు పక్కవీధి పిల్లలు పళ్లెం పట్టుకుని వచ్చేవాళ్లు. ఉగాదికి బొబ్బట్ల పూర్ణం రుబ్బే పనే ఉండేది కాదు, పప్పుగుత్తితో రెండు తిప్పులు తిప్పితే చాలు. ఎండలో బిళ్లంగోడు ఆడి ఒళ్లంతా దుమ్ముతో వచ్చి, చేద పైకి రాగానే దోసిలి పట్టి తాగితే, గొంతులో దిగాక కూడా నాలుక మీద ఏదో సన్నటి తీపి మిగిలేది. వాగులో చెలమలు తీసేవాళ్లు లేక ఇసక సాపై పోయింది. అవ్వ ప్రతి సాయంత్రం మొదటి చేద నీళ్లు వెండి గ్లాసులో పోసి పెంచలయ్యకు ఇచ్చేది. "తాగు నా బంగారు కొండా, బలమొస్తాది" అనేది. వాడు తాగి, చేత్తో మూతి తుడుచుకుని, పరుగెత్తేవాడు. అప్పుడు వాడు నాకంటే జోరుగా పరుగెత్తేవాడు.

ఆ నీళ్లు అందరికీ కాదు. ఊరికి పల్లంలో ఉన్న వాడను కిందిపల్లె అనేవాళ్లం. అక్కడివాళ్లను అంటరానివాళ్లని మా బావి గట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. వాళ్లకొక ఉప్పుబావి ఉండేది. అవ్వ ఎప్పుడో దూరం నుంచి వాళ్ల చేత పప్పు పెట్టించి, గొడ్ల బావి అని తేల్చేసింది. కుండ అడుగున తెల్లగా పొర కట్టేది, సబ్బు విరిగిపోయేది, పప్పు గంటసేపు ఉడికినా రాళ్ల మాదిరే ఉండేది. మా పొలంలో కలుపు తీసే పోలమ్మ పండగ పూటల్లో దొడ్డి బయట కుండ కింద పెట్టి, "అమ్మా, ఒక్క కడవ పొయ్యండమ్మా, బిడ్డలు పప్పు వొండమని ఏడస్తా ఉండారు" అని అడిగేది. ఎవరికైనా జాలి కలిగి ఎత్తి పొయ్యబోతే అవ్వ అరుగు మీద నుంచే కసిరేది. ఒకసారి పోస్తే రోజూ వస్తారని ఆమె లెక్క. పోలమ్మ కుండ చంకనెత్తుకుని, ఎండలో వెనక్కి పోయేది.

మొదట మా పళ్లు మారాయి. పెంచలయ్య ఈడు పిల్లలందరికీ కొత్త పళ్లు సుద్దముక్కల మాదిరి తెల్లగా, మెరుపు లేకుండా వచ్చి, ఏడాది తిరిగేసరికి పసుపు చారలు, ఆ పైన ఇటికరంగు మచ్చలు పడ్డాయి. నాకూ కొద్దిగా పడ్డాయి. సరిగా తోమటం లేదని అవ్వ మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, వేపపుల్ల నమిలించి, బొగ్గుపొడి ఉప్పుతో చిగుళ్లు చిట్లేదాకా తోమేది. మచ్చలు పోలేదు. నేను హైస్కూలుకని ఆత్మకూరులో మా మేనమామ ఇంట చేరినప్పుడు, క్లాసులో ఆడపిల్లలు నా నోటికేసి చూసి, "ఏందమ్మే, మీ ఊళ్లో పళ్లు తోముకోరా?" అన్నారు. అప్పటి నుంచి నవ్వొస్తే చెయ్యి దానంతటదే మూతి మీదికి పోయేది. ఇప్పుడున్నవి కట్టుడు పళ్లు, ముత్యాల్లా ఉన్నాయి. అయినా చెయ్యి పోతూనే ఉంది.

సెలవులకు ఇంటికి వచ్చిన ప్రతిసారీ పెంచలయ్య నడక మారుతూ వచ్చింది. ఒక దసరాకు మోకాళ్లు రెండూ ఒరుసుకుంటున్నాయి. వేసవికి వచ్చేసరికి మోకాళ్లు లోపలికి, పాదాలు బయటికి తిరిగిపోయాయి. బిళ్లంగోడులో వాడు బిళ్ల కొట్టడమే, పరుగు ఇంకొకడు తీసేవాడు. అది పిల్లలు వాడికోసం పెట్టుకున్న కొత్త రూలు. వాడు మాత్రం అదేదో తన గొప్పతనమన్నట్టు నాతో చెప్పుకున్నాడు. వాడి చేతిలో కర్ర లాక్కుని విరగ్గొట్టాలనిపించింది. పెద్దవాళ్లు గాలిని పట్టుకున్నారు. కొండగాలి పడలేదన్నారు, సందెవేళ చింతచెట్టు కింద పోతుంటే గాలి సోకిందన్నారు. తలుపులు మూసి, వేపాకు, సాంబ్రాణి నిప్పుల మీద పోసి, ఆ పొగలో వాణ్ణి కూర్చోబెట్టారు. కళ్లు మండి వాడు ఏడుస్తుంటే దాహమని అవ్వ పక్కనే కూర్చుని వెండి గ్లాసుతో నీళ్లు తాగించింది. ఏ పాపమూ ఎరగని గాలికి శిక్ష వేసి, దోషిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేశాం.

అవ్వ కూడా వంగిపోతూ వచ్చింది. మొదట నడుం పట్టేసిందంది, వాతమంది, ఆముదం మర్దనా చేయించుకుంది. క్రమంగా మెడ తిరగడం మానేసింది, వెన్ను విల్లులా బిగుసుకుపోయింది. చివరికి నిలబడితే ఆమెకు ఎదుటి మనిషి మోకాళ్ల నుంచి కిందికి మాత్రమే కనిపించేది. మమ్మల్నందరినీ పాదాలు చూసి గుర్తుపట్టేది. ఆమె తమ కాలి పట్టీలనూ, గోళ్ల పారాణినీ మెచ్చుకుంటుంటే కొత్తకోడళ్లు నవ్వేవాళ్లు. ఇదంతా వయసు వల్ల వచ్చిందనుకున్నాం.

అలాంటి రోజుల్లో, నేను వేసవి సెలవులకు ఇంట ఉండగా, నెల్లూరు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఊళ్లో పిల్లల నోళ్లు తెరిపించి చూశాడు, పెంచలయ్యను నడిపించి చూశాడు, మా బావి నీళ్లు ఒక సీసాలో, కిందిపల్లె ఉప్పుబావి నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, మా వసారాలో పీట మీద కూర్చుని, మెల్లగా, భయపడుతున్నట్టు చెప్పాడు. మా బావి నీళ్లలో ఎముకల్ని పాడుచేసే ఉప్పు ఒకటి కరిగి ఉంది, అది కంటికి కనపడదు, కాచినా పోదు. ఈ నీళ్లు ఆపేసి కిందిపల్లె బావి నీళ్లు తాగండి అన్నాడు. వసారా అంతా ఒక్కసారి లేచింది. వాళ్ల బావి నీళ్లు మేం తాగటమా అని కొందరు, గొడ్ల నీళ్లు మనుషులకా అని కొందరు. నాయన తలవంచుకుని కూర్చున్నాడు. అవ్వ మాత్రం కోప్పడలేదు. నేల చూస్తూనే దొడ్లోకి నడిచి, మూడు రాళ్ల పొయ్యిలు రెండు పక్కపక్కన పెట్టించి, రెండు కుండల్లో ఒకే కొలత పప్పు పోసి, ఒకదాన్లో మా నీళ్లు, ఒకదాన్లో వాళ్ల నీళ్లు పోయించింది.

ఆ మధ్యాహ్నం ఊరంతా మా దొడ్లో ఉంది. మా నీళ్ల కుండ పొంగి, పసుపు నురగ కట్టి, కమ్మటి వాసనతో ఉడికిపోయింది. రెండో కుండలో పప్పు అడుగున గులకరాళ్ల మాదిరి ఎగిరెగిరి పడుతూనే ఉంది. అవ్వ రెండిట్లోంచీ చెరో గరిటె విస్తరాకులో వేసి డాక్టరు పాదాల దగ్గర పెట్టింది. మెడ ఎత్తలేదు కాబట్టి ఆయన చెప్పులకే చెప్పినట్టు చెప్పింది: "అయ్యా, గింజనే కరిగించే నీళ్లు మనిషికి బలమీకుండా ఎట్టా పోతాయి? గింజే ఉడకని నీళ్లు కడుపులో ఏం ఉడుకుతాయి? నువ్వు సదువుకున్నోడివి, నువ్వే నమిలి సూడు." డాక్టరు నమిలి చూశాడు. ఆయన దగ్గర సీసా ఉంది, ఏవో అంకెలు ఉన్నాయి, మా అవ్వ దగ్గర పప్పు ఉంది. ఊరు పప్పునే నమ్మింది. నిజం చెప్పాలంటే నేనూ పప్పునే నమ్మాను.

నాయనకు మాత్రం కొడుకు కాళ్లు నిద్రపట్టనివ్వలేదు. ఊరు ఏమనుకున్నా సరేనని, పెంచలయ్య ఒక్కడి కోసం బిందె పట్టుకుని కిందిపల్లెకు పోయాడు. నేనూ వెంట పోయాను. వాళ్ల బావి గట్టు మీద పోలమ్మ నీళ్లు తోడుతోంది. నాయన కిందే నిలబడ్డాడు. ఎక్కాలో వద్దో ఆయనకే తెలియలేదు. పోలమ్మ కాసేపు మమ్మల్ని చూసి, చేద పైకి లాగి, మా బిందెలోకి ఎత్తి పోసింది. పోస్తూ, "మీ అమ్మ కడుపు సల్లగుండ అయ్యా, ఆ యమ్మ ఆనాడు పొయ్యకపోబట్టే మా బిడ్డలు నిలబడుండారు" అంది. అందులో ఎగతాళి ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. బిందె నేనే ఎత్తుకున్నాను, దారి పొడుగునా నా భుజం తడుస్తూనే ఉంది.

పెంచలయ్యకు ఆ నీళ్లు నచ్చలేదు. చప్పగా, బరువుగా ఉన్నాయని మూతి తిప్పుకునేవాడు. నాయన పొలం పోగానే అవ్వ వాణ్ణి దగ్గరికి పిలిచి, కొంగు చాటున వెండి గ్లాసు తీసేదట. మనవడు గొడ్ల నీళ్లు తాగి చిక్కిపోతాడని ఆమె బాధ. ఇది మాకెవరికీ తెలియదు. కిందిపల్లె నీళ్లు తాగినా వాడి కాళ్లు ఇంకా వంకర పోతుంటే, డాక్టరు మాట అబద్ధమే కాబోలని నాయన కూడా నమ్మకం పోగొట్టుకున్నాడు. వాడికి మంచి నీళ్లు దొరికిన కాలమంతా ఆ వెండి గ్లాసు మింగేసింది.

ఆ ఏడు కంది బాగా పండింది. కళ్లంలో కట్టెలు కొట్టి, కందులు తూర్పారబట్టి, కూలీలకు గింజలు కొలిచే రోజున కిందిపల్లె పిల్లలు కూడా చాటలు, మూటగుడ్డలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. సెలవులకు వచ్చి నేనూ అక్కడే ఉన్నాను. అవ్వ కుంచం పట్టుకుని, నేలకేసి చూస్తూ, వరస వెంట నడుస్తోంది. ఆమెకు కనిపించేది ఆ పిల్లల కాళ్లు మాత్రమే. దుమ్ముకొట్టుకుని, ముళ్లు గీసుకుని, నిలువుగా, తిన్నగా ఉన్న కాళ్లు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. "ఎవురి బిడ్డలే వీళ్లు, రవణా?" అని నన్ను అడిగింది. "కిందిపల్లె బిడ్డలవ్వా" అన్నాను. వరస చివర, గింజల కుప్ప పక్కన, మా పెంచలయ్య నిలబడి ఉన్నాడు. అవ్వ వాడి కాళ్ల దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడింది. కుంచంలోంచి కందులు ఒలికిపోతున్నా చూసుకోలేదు. ఆ తర్వాత నేల మీద చతికిలబడి, వాడి మోకాళ్లు రెండూ చేతుల్తో పట్టుకుని, "పప్పు నన్ను మోసం చేసినాదే రవణా" అంది. వెండి గ్లాసు సంగతి అప్పుడే, ఏడుస్తూ, అందరి ముందూ తానే చెప్పేసింది. నాయన కళ్లంలోంచి లేచి ఎటో నడిచిపోయాడు. అవ్వ ఆ తర్వాత బతికినన్నాళ్లూ పప్పు వండలేదు, వండితే తినలేదు, పరీక్షకు రమ్మని బండి వస్తే తలుపు తీయలేదు. పోయినప్పుడు వెన్ను చాపలేక పక్కకు తిప్పి పడుకోబెట్టారు.

ఇదంతా రసాయనశాస్త్రంగా నాకు అర్థమయ్యేసరికి అవ్వ లేదు. నీళ్లలో సున్నం ఎక్కువుంటే పప్పు ఉడకదు, సబ్బు విరుగుతుంది, కుండ అడుగున తెల్ల పొర కడుతుంది. కిందిపల్లె బావి అలాంటిది. మా బావిలో సున్నం దాదాపు లేదు, సోడా ఉంది. అందుకే వంటసోడా వేసినట్టు పప్పు కరిగేది. బండల్లోంచి నీళ్లలోకి దిగే ఫ్లోరైడును పట్టి అడుగుకు దించేది సున్నమే. సున్నం ఉన్న నీళ్లలో అది ఎక్కువగా నిలవలేదు. సున్నం లేని మెత్తటి నీళ్లలో రంగూ వాసనా లేకుండా హాయిగా కాపురముంటుంది. అంటే మా పప్పును వెన్నలా ఉడికించిన గుణమే మా తమ్ముడి ఎముకల్లోకి విషాన్ని మోసుకుపోయింది. పప్పు అబద్ధం చెప్పలేదు, మేం అడిగినదానికి అది సరిగ్గానే జవాబు చెప్పింది. కాచినా పోదన్న డాక్టరు మాట కూడా నిజమే, కాచేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ పాఠం క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు గట్టిపడేది, ముందు బెంచీ పిల్లలు తామేదో తప్పు చేశామనుకుని బిక్కమొహాలు వేసేవాళ్లు.

ఇంకో సంగతి తెలిసినప్పుడు మాత్రం నాకు ఏడుపు రాలేదు, కడుపు మండింది. ఈ జబ్బును మా జిల్లాలోనే, ఉత్తరాన ఉన్న ఊళ్లలో, నేను పుట్టకముందే డాక్టర్లు చూశారట. నీళ్ల వల్లేనని తేల్చారట కూడా. నాయన మందుపెట్టి బండ పేల్చేనాటికే ఆ నిజం ఎక్కడో ఇంగ్లీషులో భద్రంగా ఉంది. మా ఊరిదాకా నడిచి రావడానికి దానికి అన్నేళ్లు పట్టింది. వచ్చినా పప్పు ముందు ఓడిపోయింది. అంతటితో ఆగలేదు. నేను ఉద్యోగంలో చేరాక కిందిపల్లెకు కూడా మంచినీళ్లు కావాలని అక్కడ లోతుగా బోరు వేశారు. పప్పు ఉడికే నీళ్లు పడ్డాయని వాళ్లు కొబ్బరికాయలు కొట్టారు. పోలమ్మ పోయేనాటికి ఆమె మునిమనవళ్ల పళ్ల మీద ఇటికరంగు మచ్చలున్నాయి.

పెంచలయ్య చివరి రోజుల్లో నా దగ్గరే, ఈ ఆత్మకూరు ఇంట్లోనే ఉన్నాడు. ఊళ్లో కూర్చుని చేసే పనులన్నీ చేసి, పెళ్లి లేకుండా, ఎవరికీ భారం కాకుండా బతికిన మనిషి. అవ్వ మాదిరే వాడి మెడ కూడా బిగుసుకుపోయింది. ఆకాశం చూడాలనిపిస్తే మంచం మీద పక్కకు ఒరిగి కిటికీలోంచి చూసేవాడు. ఒకరోజు నీళ్లిస్తే తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, "ఏమన్నా అను అక్కా, నీళ్లంటే మన బాయి నీళ్లే" అన్నాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. "నీ కాళ్లు తీసింది ఆ నీళ్లేరా, సిగ్గులేదా నీకు?" అని కేకలేశాను. వాడు నవ్వాడు, ఆ మచ్చల పళ్లతోనే. "తెలుసులేక్కా. ఆ తీపి మళ్లా యాడా తగల్లేదు" అన్నాడు.

ఇప్పుడు ఆ బావిలో నీళ్లు లేవు. అంచుదాకా ప్లాస్టిక్ కవర్లు, ఖాళీ సీసాలు, మందు డబ్బాలు. వాగులో చెలమ తీద్దామన్నా ఇసక లేదు, లారీలు మోసుకుపోగా బంకమన్ను మిగిలింది. చిల్లగింజ అంటే కొట్లో కుర్రవాళ్లకు తెలియదు. అవ్వ కుండ ఎప్పుడు పగిలిందో మాలో ఎవరికీ గుర్తులేదు. మొన్న క్యాన్ల ఆయన మళ్లీ వచ్చినప్పుడు, "పప్పు సంగతి సరే నాయనా, ఇందులో ఇంకేమేం ఉండాయి?" అని అడిగాను. ఆయన ఖాళీ క్యాను భుజానికెత్తుకుంటూ నవ్వి, "ఏముంటాయమ్మా, నీళ్లే గదా" అన్నాడు. మా ఊళ్లో అందరం అలాగే అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం కోడలు పప్పు కలిపి పెట్టింది. తిని, గ్లాసెడు క్యాను నీళ్లు తాగాను. తేటగా, చల్లగా ఉన్నాయి, వంక పెట్టడానికేమీ లేదు. అయినా గొంతు దిగాక నా నాలుక దేనికోసమో వెతుక్కుంది. తమ్ముడి కాళ్లు తీసుకుని, అవ్వ వెన్ను తీసుకుని, నా నవ్వు తీసుకున్న ఆ నీళ్ల కోసమే వెతుక్కుంది. పెంచలయ్యను ఆనాడు అన్ని కేకలేసి ఉండాల్సింది కాదు. వాడన్నది నిజమే, ఆ తీపి మళ్లీ ఎక్కడా తగల్లేదు.